నాదమ్ చూడాలంటే రాజధానికి వెళ్లాలా, పల్లెకి వెళ్లాలా?

మంగోలియా నాదమ్ పండుగ ఫొటోలు పెట్టిన దగ్గర్నుంచి తెలిసినవాళ్లందరూ ఒకటే అడుగుతున్నారు: "జూలై 11కి ఉలాన్‌బాతర్ టికెట్లు తీసేయమంటారా?" కాస్త ఆగండి. డబ్బు కట్టేముందు మీకు మీరే ఒక్క ప్రశ్న వేసుకోండి. మీరు చూడాలనుకుంటున్నది వేడుకనా, ఆటనా? రెండూ ఒకటే కదా అనిపిస్తుంది గానీ, నిజానికి అవి వేర్వేరు చోట్ల బాగుంటాయి. నాకు ఆ సంగతి స్టేడియంలో నెత్తిమీద ఎండ మాడుతుండగా మూడు గంటలు కూర్చున్నాక గానీ తెలిసిరాలేదు.

కొత్తగా వింటున్నవాళ్ల కోసం రెండు ముక్కలు. నాదమ్ అంటే మంగోలు భాషలో ఆట, మన సంగీతంలో నాదంతో సంబంధం లేదు. కుస్తీ, గుర్రప్పందెం, విలువిద్య, ఈ మూడూ కలిపి జరిపే పండుగ. రాజధాని ఉలాన్‌బాతర్‌లో జూలై 11న మొదలయ్యే జాతీయ నాదమ్ 1921 నాటి విప్లవాన్ని గుర్తుచేసుకునే ప్రభుత్వ పండుగ కూడా. ఆటలు మాత్రం దానికంటే ఎంతో పాతవి. 2010లో యునెస్కో వారసత్వ జాబితాలోకి కూడా ఎక్కింది. అయితే నాదమ్ అంటే ఈ ఒక్కటే కాదు. మంగోలియాలో 21 ఐమగ్‌లు, అంటే మన జిల్లాల్లాంటివి ఉన్నాయి. వాటి కింద 330 సోమ్‌లు, దాదాపు మన మండలాలు అనుకోండి. వీటిల్లో చాలాచోట్ల ఎవరి నాదమ్ వాళ్లు జరుపుకుంటారు. ఇవి కాక ఆగస్టులో దాన్షిగ్ నాదమ్ ఉంది, టూరిస్టు క్యాంపుల్లో మనకోసమే వేసే బుల్లి నాదమ్‌లు ఉన్నాయి, అక్టోబరులో పడమటి కొసన గద్దల పండుగ ఉంది. బుర్ర తిరిగిపోయేది ఇక్కడే.

ముందు ఏం తేల్చుకోవాలి

తేదీలు అన్నిటికంటే ముందు. జూలై రెండో వారం అంటే మన దగ్గర బళ్లు తెరిచి నెల అయిపోయి ఉంటుంది. పిల్లల్ని ఎగ్గొట్టించి తీసుకెళ్తారా అన్నది మీ ఇంట్లో పెద్ద పంచాయితీ. అమెరికాలో ఉన్నవాళ్లకి ఆ గొడవ లేదు, వాళ్లకి వేసవి సెలవులే.

రెండోది, మూడు ఆటల్లో మీకు ఏదంటే ఇష్టం. కుస్తీ అయితే కూర్చోవడానికి మంచి చోటు కావాలి. గుర్రప్పందెం అయితే ఊరి బయట మైదానంలో గంటలు గంటలు నిలబడే ఓపిక కావాలి. విలువిద్య ఎక్కడైనా దగ్గరగా చూడొచ్చు, కానీ దానికి గుంపు చేరదు కాబట్టి చాలామంది వదిలేస్తారు, అది వాళ్ల దురదృష్టం.

మూడోది తిండి, పడక, బాత్‌రూమ్. ఇది చెప్పుకోవడానికి మొహమాటపడతాం గానీ, ప్రయాణం బాగుందా లేదా అన్నది సగం దీనిమీదే తేలుతుంది. శాకాహారులైతే దీన్ని మూడో స్థానంలోంచి తీసి మొదటి స్థానంలో పెట్టుకోండి.

నాలుగోది కొంచెం ఇబ్బందికరమైన విషయం. గుర్రాలమీద స్వారీ చేసేది చిన్నపిల్లలు. వాళ్లలో చాలామందికి పదేళ్లు కూడా నిండవు. బరువు తక్కువ ఉంటే గుర్రం బాగా పరిగెత్తుతుందని, నడిపేవాడి నేర్పు కాదు గుర్రం సత్తా తేలాలని వాళ్ల లెక్క. కనీస వయసు, హెల్మెట్ లాంటి నిబంధనలు ఉన్నాయి, అయినా పడిపోయి దెబ్బలు తగలడం ఉంది, బాలల హక్కుల సంఘాలు ఏళ్ల తరబడి దీన్ని తప్పుపడుతూనే ఉన్నాయి. కోడిపందేల గురించి మన ఇళ్లలో సంక్రాంతికి జరిగే వాదనే అక్కడా జరుగుతుంది, కాకపోతే ఇక్కడ పందెంలో ఉన్నది పిల్లలు. అది చూడటం మీవల్ల కాదనుకుంటే కుస్తీ, విలువిద్యలతోనే ప్లాన్ వేసుకోండి, ఏమీ తక్కువ కాదు.

| ఏది | ఎప్పుడు | ఏం బాగుంటుంది | ఏం కష్టం | ఖర్చు |
|---|---|---|---|---|
| ఉలాన్‌బాతర్ జాతీయ నాదమ్ | జూలై 11 నుంచి | ప్రారంభ వేడుక, పేరున్న పహిల్వాన్లు | జనం, ట్రాఫిక్, టికెట్లు | ఎక్కువ |
| ఐమగ్, సోమ్ నాదమ్‌లు | ఎక్కువగా జూలైలో, ఊరిని బట్టి | ఆటని చేతికందేంత దగ్గర్నుంచి | తేదీలు ఆలస్యంగా తెలుస్తాయి, సౌకర్యాలు తక్కువ | బండిని, దూరాన్ని బట్టి |
| క్యాంపుల బుల్లి నాదమ్ | వేసవిలో ఎప్పుడైనా | పిల్లలకి, పెద్దవాళ్లకి సుఖం | అసలు పోటీ ఉండదు | ప్యాకేజీలో భాగం |
| దాన్షిగ్ నాదమ్ | ఆగస్టు మొదట్లో | ఆటలతో పాటు త్సామ్ ముసుగు నృత్యం | ఊరి బయట, వాన భయం | మధ్యస్థం |
| గద్దల పండుగ | అక్టోబరు మొదటి వారాంతం | గద్దలు, కజక్ ఆటలు | చలి, విమానం సీట్లు | ఎక్కువ |

ఉలాన్‌బాతర్: వేడుక కావాలంటే ఇదే

జూలై 11 ఉదయం సుఖ్‌బాతర్ చౌక్‌లోని ప్రభుత్వ భవనం నుంచి తొమ్మిది తెల్ల ధ్వజాల్ని గుర్రాలమీద ఊరేగింపుగా స్టేడియానికి తెస్తారు. తెల్ల గుర్రాల వెంట్రుకలతో కట్టిన ధ్వజాలవి, చెంగిజ్ ఖాన్ కాలపు రాజ్యానికి గుర్తు. ప్రారంభ వేడుకలో పాటలు, నృత్యాలు, గుర్రాలు, సైనికులు, వందల మంది కళాకారులు, రంగులే రంగులు. ఫొటోలకి ఇంతకు మించింది దొరకదు. స్టేడియం మన ఉప్పల్‌తో పోలిస్తే చాలా చిన్నది, అందుకే టికెట్లు ఇట్టే అయిపోతాయి. విదేశీయులు చాలామంది టూర్ కంపెనీ ద్వారానే తీసుకుంటారు.

నేను కూడా ఒక ఏజెంటు ద్వారానే తీసుకున్నాను. "మంచి సీట్లు సార్" అన్నాడు. మంచివే, నేరుగా సూర్యుడికి ఎదురుగా ఉన్నాయి. పైన కప్పు లేదు. పదకొండింటికి వేడుక మొదలయ్యేసరికే నా మెడ ఎర్రబడింది, వేడుక అయ్యాక గంటలోపే వాన. ఉలాన్‌బాతర్ 1,300 మీటర్ల పైచిలుకు ఎత్తులో ఉంది, అక్కడి ఎండ చల్లగా ఉన్నట్టే ఉండి కాల్చేస్తుంది. కాబట్టి టికెట్ కొనేముందు ఏ సెక్షన్, నీడ ఉందా లేదా అని అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. మొహమాటపడితే నాలాగే అవుతుంది.

ఇక కుస్తీ. 512 మంది, కొన్ని ప్రత్యేక సంవత్సరాల్లో 1,024 మంది బరిలోకి దిగుతారు. ఓడినవాడు ఇంటికే. బరువు తరగతులు లేవు, కాబట్టి ఎనభై కిలోలవాడు నూట నలభై కిలోలవాడితో తలపడటం చూస్తారు, అప్పుడప్పుడూ ఆ ఎనభై కిలోలవాడే గెలవడం కూడా చూస్తారు. మోకాలో మోచెయ్యో వీపో నేలకి తగిలితే ఓటమి, అరచెయ్యి ఆనితే ఫర్వాలేదు. తర్వాతి రౌండ్లలో పెద్ద బిరుదు ఉన్నవాడు తన ప్రత్యర్థిని తానే ఎంచుకుంటాడు, అసలు రాజకీయమంతా అక్కడే. ఐదు రౌండ్లు గెలిస్తే నాచిన్, అంటే డేగ. ఏడు గెలిస్తే జాన్, ఏనుగు. ఎనిమిది గెలిస్తే గరిద్. అవును, మన గరుత్మంతుడే. బౌద్ధం పట్టుకుని టిబెట్ మీదుగా అక్కడిదాకా వెళ్లి కుస్తీ బిరుదుగా, ఉలాన్‌బాతర్ నగర చిహ్నంగా స్థిరపడ్డాడు. తొమ్మిది గెలిస్తే అర్స్‌లాన్, సింహం. గెలిచినవాడు రెండు చేతులూ రెక్కల్లా చాచి ధ్వజం చుట్టూ తిరిగే నృత్యం కూడా ఆ గరుడ పక్షిదే.

చిక్కేమిటంటే మొదటిరోజు ఒకేసారి బరినిండా జంటలు పట్టుకుంటాయి. ఎటు చూడాలో తెలియదు, గ్యాలరీ నుంచి ఎవరు గెలిచారో కూడా ఆలస్యంగా తెలుస్తుంది. అసలైన పోటీ రెండోరోజు సాయంత్రం, చివరి రౌండ్లలో. ప్రారంభ వేడుక టికెట్ దొరకలేదని ఏడ్చేవాళ్లకి నేనిచ్చే సలహా ఇదే: రెండోరోజు కుస్తీ టికెట్ చూసుకోండి. పక్కన కూర్చున్న తాతలు ఊపిరి బిగబట్టి చూస్తుంటే భాష రాకపోయినా ఎవరు గొప్పవాడో మీకే అర్థమవుతుంది.

గుర్రప్పందేలు ఊళ్లో జరగవు. నగరానికి పడమరగా దాదాపు 40 కిలోమీటర్ల దూరంలో ఉన్న హుయ్ దొలోన్ హుదగ్ మైదానంలో. ఆ దారిలో నాదమ్ రోజుల్లో ట్రాఫిక్ గురించి చెప్పాలంటే, సంక్రాంతికి ముందురోజు విజయవాడ హైవే మీద టోల్‌గేట్ గుర్తుచేసుకోండి. తెల్లవారుజామునే బయల్దేరాలి. పైగా పందెం అంటే ట్రాక్ చుట్టూ తిరగడం కాదు, గుర్రాల వయసుని బట్టి పది పన్నెండు కిలోమీటర్ల నుంచి పాతిక కిలోమీటర్ల దాకా బయలు మైదానంలో ఒకే పరుగు. మీకు కనిపించేది ఏమిటంటే, చాలాసేపు ఏమీ కనిపించదు, తర్వాత దూరంగా దుమ్ము, ఆ దుమ్ములోంచి చుక్కలు, ఆ చుక్కలే గుర్రాలై మీ ముందునుంచి దూసుకుపోవడం. మీ కళ్ల ముందు ఉండేది కొద్ది నిమిషాలే. గెలిచిన గుర్రం చెమట తాకితే అదృష్టమని జనం ఎగబడతారు, దూరంగా ఉండండి, కాళ్లకింద పడతారు.

స్టేడియం పక్కనే విలువిద్య, షగాయ్ జరుగుతాయి. మగవాళ్లు 75 మీటర్లు, ఆడవాళ్లు 65 మీటర్ల దూరం నుంచి నేలమీద పేర్చిన చిన్న తోలు గుండ్రాల్ని కొడతారు. విచిత్రమేమిటంటే తీర్పు చెప్పేవాళ్లు ఆ గుండ్రాల పక్కనే నిలబడతారు, బాణం తగలగానే చేతులెత్తి "ఊహాయ్" అని రాగం తీస్తారు. మొదటిసారి చూస్తే ఎవరికో తగిలేస్తుందేమోనని మనకే టెన్షన్. షగాయ్ అంటే చెక్క పలకమీద నుంచి చిన్న బిళ్లని వేలితో కొట్టి, ఎదురుగా పెట్టిన గొర్రె మడమ ఎముకల్ని గురిచూసి పడగొట్టే ఆట. మన గోలీలు ఆడినవాళ్లకి వెంటనే నచ్చేస్తుంది, నేను దాని దగ్గరే ఒక పూటంతా గడిపేశాను.

ఇంకో సంగతి. 11 నుంచి 15 దాకా దేశమంతా సెలవులు. బ్యాంకులు, చాలా దుకాణాలు మూసేస్తారు. కావలసినవి 10వ తారీఖుకే కొనిపెట్టుకోండి. గుంపుల్లో జేబుదొంగలు ఉంటారు, ఫోను వెనకజేబులో పెట్టుకుంటే అది మీది కానట్టే.

ఐమగ్, సోమ్ నాదమ్‌లు: ఆట కావాలంటే

నా ఓటు దీనికే, ముందే చెప్పేస్తున్నాను, కాబట్టి ఇకపై రాసేది కాస్త పక్షపాతంగా ఉంటే క్షమించండి.

సోమ్ నాదమ్ అంటే మన ఊరి తిరునాళ్లే. ఒక పచ్చటి మైదానం, నాలుగు గుడారాలు, చుట్టూ గుర్రాలు, బైకులు, లాండ్‌క్రూజర్లు. టికెట్ గొడవ ఉండదు. గడ్డిమీద కూర్చోవడమే. పహిల్వాన్లు మీకు పది అడుగుల దూరంలో పట్టుపడతారు, ఊపిరి వినిపిస్తుంది, చెమటవాసన వస్తుంది, ఎదుటివాడి నడుం పట్టీ కోసం వేళ్లు తడుముకోవడం కనిపిస్తుంది. వాళ్ల చొక్కాకి ఛాతీ దగ్గర గుడ్డ ఉండదు. ఒకప్పుడెప్పుడో ఒక ఆడమనిషి మగవేషంలో వచ్చి అందర్నీ ఓడించిందట, మళ్లీ అలా జరక్కుండా ఛాతీ తెరిచి ఉండేలా చొక్కా కుట్టించారని కథ చెబుతారు. ఆ కథలో పరువు ఎవరిది పోయిందో మీరే ఆలోచించుకోండి.

నేను చూసిన ఒక పట్టు ఇప్పటికీ కళ్లముందే ఉంది. ఇద్దరూ తలలు ఆనించి దాదాపు పదిహేను నిమిషాలు కదలకుండా నిలబడ్డారు, ఎద్దులు కొమ్ములు పెట్టుకున్నట్టు. చుట్టూ పిల్లలు పరిగెడుతున్నారు, ఎవరో ఫోన్ మాట్లాడుకుంటున్నారు, నేను నీళ్ల బాటిల్ మూత తియ్యడానికి తల దించాను. తల ఎత్తేసరికి ఒకడు మోకాలిమీద ఉన్నాడు. అంతే. ఓడినవాడు లేచి, నడుం పట్టీ విప్పుకుని, గెలిచినవాడి చెయ్యికింద నుంచి తలవంచి దాటాడు. గెలిచినవాడు రెక్కలు చాచి ధ్వజం చుట్టూ తిరిగాడు, గుప్పెడు ఆరూల్ తీసుకుని జనం మీదికి చల్లాడు. ఒక ముక్క నా ఒళ్లో పడింది. ఆరూల్ అంటే పెరుగుని పిండి ఎండబెట్టిన గడ్డ, రాయిలా ఉంటుంది. పక్కనున్న ముసలావిడ తినమని సైగ చేసింది. నోట్లో పెట్టుకున్నాను, అది కరిగేలోపు ఇంకో రెండు పట్లు అయిపోయాయి.

గుర్రప్పందెం కూడా ఇక్కడ వేరేలా ఉంటుంది. ముగింపు గీత దగ్గరే నిలబడొచ్చు. చెక్కతో గుర్రం ఒంటిమీది చెమట గీకడం, గెలిచిన గుర్రాన్ని పొగుడుతూ పద్యం పాడటం, అన్నీ పక్కనే. రెండేళ్ల గుర్రాల పందెంలో అందరికంటే చివర వచ్చినదానికి కూడా పాట పాడతారు, పేరు "బయన్ హోదోద్", నిండు పొట్ట అని అర్థం. ఈసారి కడుపు నిండా తిని వచ్చావు, వచ్చే ఏడు ముందు వస్తావులే అని ఓదార్పు. నాకు మొత్తం నాదమ్‌లో నచ్చిన సంగతి ఇదే.

కష్టాలు కూడా చెప్పాలి. తేదీలు ముందుగా పక్కాగా తెలియవు. కొన్ని ఊళ్లలో జూలై 11కే, కొన్నిచోట్ల ముందూ వెనకా, ఒక్కోసారి నెల మారి కూడా జరుగుతాయి. అందుకే లోకల్ గైడు లేకుండా దీన్ని ప్లాన్ చెయ్యలేరు. ఇంగ్లిష్ మాట్లాడేవాళ్లు అరుదు. టైమ్‌టేబుల్ అని ఒకటి ఉంటుంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. పదింటికన్న పందెం పన్నెండున్నరకి. మరుగుదొడ్డి అంటే గొయ్యిమీద రెండు చెక్కలు. పడక గెర్‌లో, అంటే ఉన్ని కప్పిన గుండ్రటి గుడారంలో. రాత్రి జూలైలో కూడా స్వెటర్ కావాలి, పొయ్యి వెలిగిస్తారు.

ఈ కష్టాల్లో సగం తగ్గాలంటే సోమ్ కాకుండా ఐమగ్ కేంద్రానికో, హర్‌హోరిన్ లాంటి పర్యాటక ఊరికో వెళ్లండి. హర్‌హోరిన్ ఉలాన్‌బాతర్ నుంచి దాదాపు 360 కిలోమీటర్లు, తారురోడ్డు, ఒక పగటి ప్రయాణం. అక్కడ 16వ శతాబ్దం చివర్లో కట్టడం మొదలుపెట్టిన ఎర్దెనె జూ మఠం ఉంది, చుట్టుపక్కల వేడినీళ్లు వచ్చే క్యాంపులు ఉన్నాయి. ఇంకా ఉత్తరాన హువ్స్‌గుల్ సరస్సు ఒడ్డున హత్‌గల్ కూడా బాగుంటుంది, దూరం ఎక్కువ గానీ సరస్సు కూడా కలిసొస్తుంది.

క్యాంపుల బుల్లి నాదమ్

దీని గురించి పెద్దగా చెప్పడానికి లేదు. నలుగురైదుగురు పహిల్వాన్లు, ఇద్దరు విలుకాళ్లు, చిన్న గుర్రపు పరుగు, మీకు కూడా డీల్, అంటే వాళ్ల పొడుగు అంగీ, తొడిగించి బాణం వేయిస్తారు. గెలుపోటములకి ఎవరి గుండే కొట్టుకోదు. వెక్కిరించడం లేదు, మోకాళ్ల నొప్పులున్న అత్తమామల్నో, ఐదేళ్ల పిల్లల్నో తీసుకెళ్తే ఇదే సరైంది. జూలై 11 కుదరనివాళ్లకి కూడా. కాకపోతే ఏజెంటు దీన్ని "లోకల్ నాదమ్" అని చెప్పి అమ్ముతుంటే, ఏ సోమ్‌ది, ఎంతమంది కుస్తీ పడతారు అని అడగండి. నీళ్లు నమిలితే సంగతి అర్థమైనట్టే.

దాన్షిగ్: ఎవరూ చెప్పని మధ్యదారి

ఆగస్టు మొదట్లో, అదే హుయ్ దొలోన్ హుదగ్‌లో. మంగోలియా బౌద్ధ గురుపరంపరలో మొదటివాడైన జానబజార్ గౌరవార్థం 17వ శతాబ్దంలో మొదలైన సంప్రదాయాన్ని ఈమధ్య మళ్లీ నిలబెట్టారు. మూడు ఆటలూ ఉంటాయి, వాటితో పాటు సన్యాసులు పెద్దపెద్ద ముసుగులు వేసుకుని చేసే త్సామ్ నృత్యం. లదాఖ్ మఠాల్లో ముసుగు నృత్యం చూసినవాళ్లకి అది దాని చుట్టమని తెలిసిపోతుంది. ఆ ముసుగుల్లో మహాకాలుణ్ణి, యముణ్ణి మీరే గుర్తుపడతారు, గైడు అక్కర్లేదు. జూలై అంత తొక్కిసలాట ఉండదు, హోటళ్ల ధరలు కాస్త దిగుతాయి. రాజధానికి దగ్గర, మైదానంలో ఆట, పైగా వేడుక కూడా. పల్లెకి వెళ్లే ధైర్యం లేక, స్టేడియం వద్దనుకుని మధ్యలో ఊగిసలాడేవాళ్లకి ఇది బాగా సరిపోతుంది. వానకోటు మాత్రం మర్చిపోవద్దు.

గద్దల పండుగ నాదమ్ కాదు, అయినా

చాలామంది రెండూ ఒకటే అనుకుంటారు. ఇది పడమటి కొసన బయన్-ఉల్గీలో, కజక్‌లది. వాళ్లు ముస్లింలు, భాష వేరు, ఆచారాలు వేరు. 1999 నుంచి ఏటా అక్టోబరు మొదటి వారాంతంలో జరుగుతోంది. కొండమీద నుంచి వదిలిన గద్ద కింద గుర్రంమీద ఉన్న యజమాని చేతికి ఎంత వేగంగా వచ్చి వాలుతుందన్నది ముఖ్యమైన పోటీ. గుర్రంమీద నుంచే మేకతోలు లాక్కోవడం, పరుగులోనే నేలమీది వస్తువు అందుకోవడం కూడా ఉంటాయి. కుస్తీ కోసం వెళ్తే నిరాశపడతారు. ఫొటోల కోసమైతే దీన్ని మించింది లేదు.

మనకి దీనిలో ఒక సుఖం ఉంది. చాలా ఏళ్లు దసరా సెలవులు అటూఇటూగా ఆ రోజుల్లోనే పడతాయి, బడి ఎగ్గొట్టే పని తగ్గుతుంది. కష్టం ఏమిటంటే ఉలాన్‌బాతర్ నుంచి 1,600 కిలోమీటర్ల పైమాటే, విమానమే దిక్కు, సీట్లు నెలల ముందే అయిపోతాయి. రాత్రి సున్నాకి దిగువ చలి. మనవాళ్లు కొనుక్కునే మనాలీ స్వెటర్లు అక్కడ ఎందుకూ పనికిరావు.

చైనాలోని ఇన్నర్ మంగోలియాలో కూడా నాదమ్‌లు జరుగుతాయి, రైళ్లు, హోటళ్లు సుఖం. అక్కడి పహిల్వాన్లు బొత్తాలు కొట్టిన తోలు చొక్కా, వదులు పంట్లాం వేసుకుంటారు, మెడలో రంగుల పట్టీల హారం ఉంటుంది, కుస్తీ నియమాలు కూడా కాస్త వేరు. ఎలాగూ చైనా తిరగబోతుంటే చూడండి, దానికోసమే వెళ్లమని మాత్రం చెప్పను.

మరి ఎవరు ఎక్కడికి

మొదటిసారి, పదిరోజుల సెలవు, ఒంట్లో ఓపిక ఉంది అంటే నేను చెప్పేది: 10వ తారీఖు నుంచి 11 దాకా ఉలాన్‌బాతర్‌లో ఉండి ప్రారంభ వేడుక చూసి, మధ్యాహ్నానికల్లా స్టేడియం వదిలేసి, మర్నాడు పొద్దున్నే బండెక్కి, 13 లేదా 14న జరిగే ఏదో ఒక పల్లె నాదమ్ చేరుకోవడం. ముందే గైడుతో ఏ ఊరిలో ఏ రోజో కనుక్కుని ఉంచాలి. చాలామంది చేసే తప్పు రాజధానిలోనే మూడురోజులూ ఉండి స్టేడియానికీ గుర్రాల మైదానానికీ మధ్య ట్రాఫిక్‌లో గడపడం, ఏదీ పూర్తిగా చూడలేకపోవడం.

కుస్తీ పిచ్చి ఉన్నవాళ్లు దీనికి రివర్సు. పల్లె వద్దు, దేశంలోని మేటి వస్తాదులంతా ఉలాన్‌బాతర్‌లోనే. రెండోరోజు సాయంత్రం సీటు వదలకండి.

ఒంటరిగా వెళ్లే ఆడవాళ్లు అడుగుతుంటారు. పగలు ఏ నాదమ్‌లోనైనా పెద్దగా ఇబ్బంది ఉండదు, పండుగ రాత్రుళ్లు మాత్రం తాగుడు ఎక్కువ, పల్లెలో అయినా పట్నంలో అయినా. చీకటిపడకముందే క్యాంపు చేరండి, ఒంటరి బండి కంటే నలుగురైదుగురి గ్రూపు మేలు.

శాకాహారులకి నిజం చెప్పాలి. నాదమ్ తిండి అంటే హూషూర్, మన కజ్జికాయని చపాతీలా అణిచి లోపల కొబ్బరికి బదులు గొర్రె కీమా పెట్టి వేయించినట్టు ఉంటుంది. కరకరలాడుతూ అద్భుతంగా ఉంటుంది, తినేవాళ్లకి. ఉలాన్‌బాతర్‌లో వీగన్ హోటళ్లు, ఇండియన్ హోటళ్లు ఉన్నాయి, అక్కడ బతికేస్తారు. పల్లెలో కూరగాయలంటే బంగాళాదుంప, క్యారెట్, క్యాబేజీ, అవి కూడా మాంసంతో కలిసే వస్తాయి. పొడులు, అటుకులు, రెడీమేడ్ ఉప్మా ప్యాకెట్లు పట్టుకెళ్లండి, వేడినీళ్లు ఏ గెర్‌లోనైనా దొరుకుతాయి. పాలు, పెరుగు, వెన్న పుష్కలం. టీలో చక్కెర ఉండదు, ఉప్పు ఉంటుంది, మొదటి గుక్కకి మొహం చిట్లించకండి.

ఐరగ్ అని గుర్రప్పాలు పులియబెట్టిన పానీయం ఇస్తారు. బాగా పులిసిన మజ్జిగలా ఉంటుంది, కొద్దిగా మత్తు కూడా ఉంటుంది. కుడిచేత్తో అందుకుని పెదవులకి తాకించినా చాలు, వద్దని చెయ్యి అడ్డంపెట్టడం మాత్రం బాగోదు. మా బావమరిది మర్యాద కోసం రెండు గిన్నెలు తాగాడు. మర్నాడు గుర్రప్పందెం మేం చూశాం, వాడు ఆ రెండు చెక్కల దగ్గరే ఉన్నాడు.

వీసా సంగతి: భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లకి వీసా కావాలి, ఢిల్లీలో మంగోలియా ఎంబసీ ఉంది, తాజా పద్ధతి అక్కడే కనుక్కోండి. అమెరికా పౌరసత్వం ఉన్నవాళ్లు వీసా లేకుండా 90 రోజుల వరకు ఉండొచ్చు. ఒకే ఇంట్లో పిల్లలకి అమెరికా పాస్‌పోర్టు, తల్లిదండ్రులు హెచ్1బి మీద ఉంటే, పిల్లలకి అక్కర్లేదని పెద్దవాళ్లది కూడా మర్చిపోయేరు. మనవైపు నుంచి వెళ్లేవాళ్లు సియోల్, బీజింగ్, హాంకాంగ్ లేదా ఇస్తాంబుల్ మీదుగా వెళ్తుంటారు, దారిలో విమానం మారే దేశానికి ట్రాన్సిట్ నియమాలు కూడా చూసుకోవాలి. 2021లో తెరిచిన కొత్త విమానాశ్రయం నగరానికి దక్షిణంగా 50 కిలోమీటర్ల దూరంలో ఉంది, 10వ తారీఖు సాయంత్రం దిగితే ఊళ్లోకి రావడానికే రెండు మూడు గంటలు పట్టొచ్చు. అందుకే 9నే దిగండి.

టుగ్రిక్‌లు, అంటే అక్కడి డబ్బు, నగదుగా చేతిలో ఉంచుకోండి, పల్లె మైదానంలో హూషూర్ అమ్మే ఆవిడ దగ్గర కార్డు గీకే మెషిన్ ఉండకపోవచ్చు, ఉన్నా సిగ్నల్ ఉండదు, వెనక లైనులో ఉన్నవాళ్లు మాత్రం ఆకలిమీద ఉంటారు.